వేపాకు తినే పురుగు

మొదటి వాన పడిన సాయంత్రం మా చేను గట్టు మీది వేప చెట్లకు ఒక పురుగు వస్తుంది. చింతగింజ కంటే కొంచెం చిన్నది. పగలు ఎక్కడా కనిపించదు. పొద్దు గూకి, పడమట ఇంకా కాస్త ఎరుపు మిగిలి ఉండగానే నేలలోంచి బయటికి వస్తుంది. తడిసిన ఎర్రమట్టిలో అక్కడక్కడా చిటికెన వేలు దూరేంత బొక్కలు పడతాయి. ముందు తల కనిపిస్తుంది, తర్వాత ముందుకాళ్ళు. పైకి వచ్చాక కాసేపు కదలకుండా ఉంటుంది. ఆ తర్వాత వీపు మీది పెంకులు తెరిచి, కింద మడిచి పెట్టుకున్న పల్చటి రెక్కలు విప్పి, గుయ్యిమంటూ దగ్గరి చెట్టుకు ఎగిరిపోతుంది. తిన్నగా ఎగరడం దానికి రాదు. కొమ్మకు తగులుతుంది, కింద పడుతుంది, వెల్లకిలా కాళ్ళు కొట్టుకుంటుంది, మళ్ళీ లేస్తుంది. చెట్టు చేరాక మాత్రం నిదానంగా ఆకు అంచున కూర్చుని తింటుంది. వందలు చేరితే, చెట్టు కింద నిలబడిన మనిషికి సన్నటి చినుకు పడుతున్నట్టు చప్పుడు వినిపిస్తుంది. తెల్లవారేసరికి చెట్టు మీద ఒక్కటి ఉండదు. అన్నీ మళ్ళీ మట్టిలోకి దిగిపోతాయి. ఆకుల్లో ఈనెలు మాత్రం మిగులుతాయి.

తల, మెడ మీది డాలు ముదురు ఆకుపచ్చ. వీపు మీది పెంకులు ఎండిన గడ్డి రంగు. ఆ రెండు పెంకులూ కలిసేచోట ఒక సన్నటి పచ్చగీత. పొట్ట కింద తోమిన రాగి చెంబు మెరుపు, దాని మీద పల్చటి నూగు. మీసాల చివర మూడు రేకుల విసనకర్ర లాంటిది ఉంటుంది. గాలిని వాసన చూసేటప్పుడు దాన్ని విప్పుతుంది, భయపడితే మూస్తుంది. అరచేతిలో పెట్టుకుంటే కాళ్ళ ముళ్ళు చర్మాన్ని పట్టుకుంటాయి. నొప్పి ఉండదు. పసిపిల్ల గోళ్ళతో గీరినట్టుంటుంది.

నేను పుట్టింది మగ్గం ఇంట్లో. పడుగు ఆకుపచ్చ, పేక రాగి రంగు పెట్టి నేస్తే బట్టను ఇటు తిప్పితే ఒక రంగు, అటు తిప్పితే ఇంకో రంగు పలుకుతుంది. మా బాపు అటువంటి చీర నేసేటప్పుడు మధ్యమధ్య పేక విసిరే నాడె ఆపి లేచి, గుమ్మం దగ్గర వెలుతురు పడేచోట నిలబడి, నేసినంత మేర మెడ వంచి చూసుకునేవాడు. ఈ పురుగు మెడ అచ్చం ఆ బట్టే. అరచేతిని వాల్చిన కొద్దీ రంగు మారుతుంది.

దీన్ని ఇంత దగ్గరగా చూడడం నాకు ఒక మనిషికి అన్యాయం చేసిన తర్వాత అలవాటైంది. ఆ సంగతి రాయడానికే కూర్చున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో మగ్గం మీద ఇల్లు గడవడం కష్టమై, దాన్ని విప్పి అమ్మేసి, మర్రిగూడ దిక్కున నా భార్య పుట్టిన ఊళ్ళో మూడెకరాల చెల్క కొన్నాను. ఇసుక కలిసిన ఎర్రనేల. వాన మీద బతికే నేల. నాకు వ్యవసాయం రాదు. అయినా వచ్చినట్టు ఉండాలని పంతం. ఊరికి అల్లుణ్ణి కాబట్టి ఊరంతా నాతో వేళాకోళం ఆడేది. నా భార్యకు పెదనాన్న వరసయ్యే ఒక పెద్దమనిషి రోజూ చాయ్ హోటల్ ముందు బల్ల మీద కూర్చునేవాడు. నేను అరక తోలుకుని పోతుంటే చాలు, గొంతు పెంచేవాడు.

"ఏం అల్లుడా, నాగలి పట్టినవా, నాడె విసురుతున్నవా? సాలు జర వంకరున్నది, పోగు తెగినట్టుంది చూసుకో!"

హోటల్ హోటలంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. ఆ నవ్వు లోపల ఎంత గుచ్చుకునేదో నా భార్యకు మాత్రమే తెలుసు.

ఆ ఊళ్ళో నన్ను చూసి నవ్వని మనిషి ఒక్కడు ఉండేవాడు. గొర్ల కాపరి. నా భార్య అతన్ని అన్నా అని పిలిచేది, అతను నన్ను బావా అనేవాడు. నేనూ అతన్ని బావా అనే అనేవాణ్ణి. నాకంటే పదేళ్ళు పెద్ద. చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడ్ నీళ్ళకు మోకాళ్ళు బిగుసుకుపోయాయి. మా దిక్కున అటువంటి మోకాళ్ళు చూసి ఏమైందని ఎవరూ అడగరు. కింద కూర్చుంటే లేవడానికి కర్రను రెండు చేతులతో పట్టుకుని, ఒళ్ళంతా పైకి లాక్కోవాలి. అయినా మంద వెంట రోజంతా నడిచేవాడు.

కోతలైపోయి చేన్లు ఖాళీగా ఉండే ఎండాకాలంలో రైతులు గొర్ల మందను పిలిపించుకుంటారు. పగలంతా మేసి వచ్చిన గొర్లను సాయంత్రం చేన్లో గుంజలు పాతి, చుట్టూ వల కట్టి ఆపుతారు. రోజుకో జాగా మారుస్తారు. తెల్లారేసరికి ఆ జాగా అంతా పెంట, మూత్రం. నేలకు అంతకు మించిన బలం లేదు. కాపరికి ఆ ఇంటి అన్నం, కొన్ని గింజలు. వీటన్నిటికంటే అతనికి ముఖ్యమైనది నీళ్ళు. మా దిక్కున ఎండాకాలం మందకు నీళ్ళు దొరికేది రైతు బోరు దగ్గరే. ఊళ్ళో రైతులు పిలిచినంత కాలం అతను ఇంటిపట్టున ఉండి మందను సాకగలడు. పిలవకపోతే కృష్ణ ఒడ్డు దాకా తోలుకుపోవాలి. రెండు నెలలు ఊరు కాని ఊరు, చెట్టు కింద పడక.

నేను చేను కొన్న రెండో ఏడు వేసవిలో అతను మా చేన్లో ఏడు రోజులు మంద ఆపాడు. వల కట్టేటప్పుడు గట్టు మీది రెండు వేప చెట్లకు దూరంగానే కట్టేవాడు. మందలో మేకలు కూడా ఉన్నాయి, అవి వేప కొమ్మలు విరిచేస్తాయని నేనే దూరంగా కట్టమన్నాను. ఈ మాట గుర్తుంచుకోవాలి. నేను గుర్తుంచుకోనట్టు నటించిన మాట ఇది.

చివరి రోజు వాన పడింది. మిరుగం కార్తె ఇంకా రాలేదు, ముందే పడింది. సాయంత్రం అతను వల మడుస్తూ గట్టు దిక్కు చూశాడు.

"బావా, గా వేప చెట్లు చూసినవా?"

"చూసిన. ఏమున్నది?"

"పురుగు వాలుతాంది. పెద్దకట్టె తీస్కొని కొమ్మలు దులుపు. కింద పాత చీర పరుసు. పడ్డయన్ని ఎత్తి, నీళ్ళల్ల జర గ్యాస్‌నూనె పోసి అండ్ల వెయ్యి. నాలుగు పొద్దులు చేస్తే సాలు."

"వేపాకు తింటే నాకేంది బావా? నా పల్లి తింటలేదు కదా."

"ఆకు తిని ఊకుంటదా? కిందికి దిగి నీ చేన్లనే గుడ్లు పెడ్తది. పిల్లలు వేర్లు కొరుకుతయి. ఇయ్యాల చెట్టు మీద ఉన్నదే రేపు వేరు కింద ఉంటది."

"నువ్వు గొర్లు కాస్తున్నవా, పురుగులు కాస్తున్నవా?"

అతను నవ్వాడు. "రెండు కాస్త. పురుగులు కాసినందుకు బువ్వ పెట్టేటోడు దొరుకుతలేడు, గంతే."

నా భార్య ఆ మాటలు వింది. మర్నాడు సాయంత్రం పాత చీర, కిరసనాయిలు కలిపిన నీళ్ళ టబ్బు, కర్ర పట్టుకుని చేను దగ్గరికి వచ్చింది. అప్పుడే కూలీలు బాట వెంట ఇళ్ళకు పోతున్నారు. నేను కర్ర పట్టుకోలేదు.

"తొవ్వల పోయేటోళ్ళు చూస్తే ఏమంటరు? మగ్గపోడు వేప చెట్టును కొట్టవట్టె అంటరు."

"అంటే అననీ. చేను నీదా, వాళ్ళదా?"

"నడువు ఇంటికి."

ఆమె వినలేదు. ఒక్కతే ఒక చెట్టు కింది కొమ్మలు కాసేపు దులిపింది. చీర మీద పురుగులు పల్లికాయలు రాలినట్టు రాలాయి. వాటిని టబ్బులో వేస్తూ, "అబ్బ, ఎంత మంచిగున్నయి ఇవి, సంపబుద్ధి అయితలేదు" అన్నది. నేను మళ్ళీ కసిరాను. ఆమె టబ్బు ఎత్తుకుని నడిచింది. తర్వాతి మూడు పొద్దులూ ఎవరమూ చెట్టు దిక్కు పోలేదు.

పల్లి బాగా మొలిచింది. పూత వచ్చింది, ఊడలు దిగాయి. శ్రావణం దాటాక ఒక పొద్దున పోయి చూస్తే కొన్ని మొక్కలు పసుపు తిరిగి తల వాల్చాయి. నీళ్ళు తక్కువై ఉంటుంది అనుకున్నాను. రెండు రోజులకు అవి ఎండిపోయాయి, పక్కవి వాలాయి. ఒక మొక్కను పట్టుకుని లాగితే, గుంజిన బలానికి నేనే వెనక్కి తూలాను. దానికి వేరు లేదు. ఎవరో కత్తెరతో కోసినట్టు ఉంది. చేత్తో మట్టి తవ్వితే పురుగు కనిపించింది. పెరుగు తెలుపు, కొడవలిలా వంగి ఉంది, ఇటుక రంగు తల. తోక దిక్కున ఒంట్లోని మట్టి చర్మం లోపల్నుంచి నల్లగా కనిపిస్తోంది.

నాకు ముందు గుర్తొచ్చింది హోటల్ బల్ల. నా చేను ఎండిందని అప్పటికే ఆ బల్లకు తెలిసి ఉంటుంది. ఏమంటారో కూడా నాకు వినిపించింది. ఆ పురుగును పల్లి ఆకులో చుట్టుకుని నేరుగా అక్కడికే పోయాను. ఎవరూ నోరు తెరవక ముందే ఆకు విప్పి బల్ల మీద పెట్టాను.

"సూడుండ్రి. మూడెకరాల పల్లి ఎండుతాంది. గొర్ల మంద తెచ్చిన పురుగు ఇది."

అతను అక్కడే ఉన్నాడు. బల్ల చివర, కర్ర ఒళ్ళో పెట్టుకుని చాయ్ తాగుతున్నాడు. పురుగును రెండు వేళ్ళతో ఎత్తి అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"ఇది నా మందది కాదు బావా. ఎండకాలం గొర్ల పెంట రెండు దినాలల్ల ఎండి గోలీలయితది. అండ్ల పురుగెట్ల బతుకుతది? నేను చెప్పలే, వేప చెట్టు..."

"చెట్టు సంగతి అడుగుతలేను. నీ మంద ఆగినంకనే నా చేన్లకు పురుగొచ్చింది. పోయినేడు లేకుండె."

పెద్దమనిషి గ్లాసు కింద పెట్టాడు. "జర నిమ్మళం, అల్లుడా."

"ఎందుకు నిమ్మళం? కొత్తోణ్ణి, ఏం తెల్వదని నన్ను మోసం చేసిండు. నాసిరకం పెంట పోసి నా అన్నం తిన్నడు."

ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. ఎవరూ నవ్వలేదు. ఆ ఊళ్ళో నా మాటకు ఎవరూ నవ్వకపోవడం అదే మొదటిసారి. ఆ క్షణం నాకు అది గౌరవంలా అనిపించింది. నిజం చెప్పాలంటే, సంతోషం కూడా వేసింది.

అతను పురుగును జాగ్రత్తగా మళ్ళీ ఆకులోనే పెట్టాడు. కర్ర పట్టుకుని లేచాడు. లేవడానికి ఎంతసేపు పట్టిందో అంతసేపూ అందరం చూస్తూ కూర్చున్నాం. గ్లాసులో సగం చాయ్ మిగిలింది.

ఇక్కడిదాకా తెలియక చేసినదని చెప్పుకోవచ్చు. ఆ తర్వాతిది అట్లా చెప్పుకోలేను.

నాలుగైదు రోజుల తర్వాత పక్కచేను మంచె ఎక్కి నా చేనును చూశాను. నేతలో ఒక అలవాటు ఉంటుంది. బట్టలో తప్పు కనిపిస్తే ఆ తప్పునే చూస్తూ కూర్చోరు. అది ఎక్కడ మొదలై ఎటు పోతోందో చూస్తారు. అప్పుడు మగ్గంలో ఏ భాగం చెడిందో తెలుస్తుంది. పైనుంచి చూస్తే నా చేన్లో ఎండిన మొక్కలు రెండు సగం చక్రాల్లా ఉన్నాయి. ఒక్కో చక్రం ఒక్కో వేప చెట్టు దగ్గర మొదలై, చేన్లోకి పోయిన కొద్దీ పల్చబడింది. గొర్ల మంద ఆగిన నడిచేను పచ్చగా, మోకాలెత్తు ఉంది. నా భార్య కొమ్మలు దులిపిన దిక్కున కూడా కొంచెం పచ్చగానే ఉంది.

మంచె దిగి ఇంటికి పోయి ఆమెకు చెప్పాను. ఆమె రొట్టె చేస్తోంది. చేతులు ఆపింది.

"పోయి అన్నకు చెప్పు. ఇప్పుడే పో. హోటల్ల కూడ చెప్పు."

"చెప్త తీ."

"ఎప్పుడు?"

"చెప్త అంటున్న గద."

చెప్పలేదు. రేపు అనుకున్నాను. పంట తీశాక అనుకున్నాను. అడిగితే చెబుదాం అనుకున్నాను. ఎవరూ అడగలేదు.

అయితే నాలో ఇంకొకటి మొదలైంది. నేను చూసింది నిజమో కాదో తేల్చుకోవాలనిపించింది. లేక అది అబద్ధమైతే బాగుండునని ఆశపడ్డానో, ఇప్పుడు చెప్పలేను. పల్లి పీకేటప్పుడు దొరికిన పురుగుల్లో అయిదింటిని పాత నూనె డబ్బాలో వేశాను. డబ్బా అడుగున మేకుతో బొక్కలు పొడిచి, చేను మట్టి నింపి, పైన గడ్డి వేళ్ళతో సహా నాటాను. ఇంటి వెనక నీడకు పెట్టి వారానికోసారి ఇన్ని నీళ్ళు చల్లేవాణ్ణి. కొన్నాళ్ళకు అవి గడ్డి వేళ్ళు తినడం ఆపాయి. ఒకరోజు మట్టి జరిపి చూస్తే లోతున, మట్టితో కట్టుకున్న చిన్న గూటిలో ఒకటి పడుకుని ఉంది. తెలుపు పోయి, తేనె రంగు. కాళ్ళు పొట్ట మీదికి ముడుచుకుంది. మొహం, రెక్కలు ఇంకా పూర్తి కాని బొమ్మలా ఉన్నాయి. వేలు తగిలితే నడుము కొంచెం కదిలించింది. నిద్రలో పిల్ల పక్కకు ఒత్తిగిలినట్టు. నా చేనును తిన్న పురుగు మీద నాకు కోపం రావాలి. రాలేదు. మట్టి మెల్లగా కప్పేశాను.

ఆ ఎండాకాలం ఊళ్ళో ఒక్క రైతు కూడా గొర్ల మందను పిలవలేదు. ఎవరూ అతన్ని తిట్టలేదు. ఒకరు ఈ ఏడు చెరువు మట్టి పోయిస్తున్నామన్నారు, ఒకరు చేను దున్నేశామన్నారు. పక్క తండాలోని రైతులకు కూడా మాట పాకింది. అతను మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోయాడు. పోయిన రోజు నా భార్య వాళ్ళ ఇంటిదాకా పోయి వచ్చింది. అతని భార్యను ఆమె వదినె అంటుంది. ఇద్దరూ ఒకరి ఇంట్లో ఒకరు పసుపు దంచుకునేవాళ్ళు.

"వదినె నాతోని మాట్లాడలే" అన్నది వచ్చి. "నీళ్ళు తాగుతవా అని అడిగింది. గంతే. సుట్టాన్ని అడిగినట్టు అడిగింది."

వానలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం డబ్బాలో మట్టి పగిలింది. నేను పీట వేసుకుని కూర్చున్నాను. ముందు ఆకుపచ్చ తల, తర్వాత మెడ, తర్వాత గడ్డి రంగు పెంకులు. మీసాల విసనకర్ర విప్పింది. గాలి ఎటునుంచి వస్తోందో చూసుకుంది. నా వేలు మీదికి ఎక్కి, గోరు చివరిదాకా నడిచి, వేప చెట్టు దిక్కు ఎగిరిపోయింది. నా భార్య వెనక నిలబడి ఉంది. ఆ తర్వాత మేమిద్దరం నాలుగు పొద్దులు వేప చెట్లు దులిపాం. బాట వెంట పోయేవాళ్ళు చూశారు. ఎవరూ నవ్వలేదు. ఒకామె ఆగి, "ఏం పురుగు బావా?" అని అడిగి తెలుసుకుని పోయింది. ఏడాది కింద నేను భయపడింది ఇంతమాత్రానికే.

ఆ ఏడే ఒకసారి మర్రిగూడలో దవాఖాన నుంచి బస్సు దగ్గరికి వస్తూ అతను కనిపించాడు. చేతిలో మందు గోలీల సంచి. నన్ను చూసి అతనే ఆగాడు.

"ఏం బావా, పల్లి ఎట్లున్నది ఈ ఏడు?"

"మంచిగున్నది."

"చెట్లు దులుపుతున్నరట గదా. చెల్లె చెప్పింది మా ఇంటామెకు."

"ఆ... దులుపుతున్నం."

అతను నా మొహం చూస్తూ కాసేపు ఆగాడు. నేను మాట్లాడాల్సిన జాగా అది. ఇప్పటికీ ఆ జాగా నా కళ్ళ ముందు కనబడుతుంది. బస్సు వచ్చింది. "మోకాళ్ళు ఎట్లున్నయి?" అన్నాను. "ఉన్నయి" అన్నాడు. చెట్లు దులుపుతున్నానంటే అతను చెప్పింది నిజమని ఒప్పుకున్నట్టే. అది మా ఇద్దరికీ తెలుసు. ఊరికి తెలియదు.

రెండో ఎండాకాలం కూడా అతను నది ఒడ్డుకే పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు మంద ముందు నడవలేదు. వెనక ఆటోలో వచ్చాడు. రెండు కర్రలు పట్టుకున్నాడు. వారం తర్వాత నా భార్య అన్నం పెడుతూ చెప్పింది.

"మందను అమ్ముతరట. వచ్చే ఎండకాలం మల్ల గంత దూరం నడిచేటట్టు లేదట. ఊళ్ళెనే పిలుస్తే ఉంచుకునేటోళ్ళే. ఎవ్వలు పిలుస్తరు?"

గిన్నె కింద పెట్టి నా ఎదురుగా కూర్చుంది. "నేను చెప్పొచ్చు. రెండేండ్ల సంది నోటిదాకా వస్తున్నది. నువ్వే చెప్పాలని ఆగిన."

నేను తినకుండా చెయ్యి కడుక్కుని లేచాను.

అతను ఇంటి ముందు మంచం మీద కూర్చుని వలకు పడిన చిరుగులు అల్లుతున్నాడు. కుట్టు చూసి నా చెయ్యి దానంతటదే కదిలింది. తప్పు ముడి వేస్తున్నాడు, జారిపోతుంది. మంచం చివర కూర్చున్నాను. వచ్చేటప్పుడు దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

"బావా, గా పురుగు వేప చెట్టుదే. నాకు అప్పుడే తెలిసింది. మంచె ఎక్కి చూసిన. నీ మంద ఆగినకాడ చేను పచ్చగుండె. తెల్సి కూడ చెప్పలే."

అతను అల్లడం ఆపలేదు.

"నాకు చెప్తే ఏం లాభం బావా? నా గొర్ల సంగతి నాకు తెల్వదా?"

"తప్పయింది."

"అయింది." దారం పంటితో తెంపాడు. "నువ్వు మోసం అన్నవు జూడు, గది నాకు చెప్పలే. హోటల్ల చెప్పినవు. వాళ్ళకు చెప్పు."

లోపలినుంచి అతని భార్య గొంతు వచ్చింది. "రెండేండ్లకు తొవ్వ దొరికిందా మా ఇంటికి?"

వల కొస ఒళ్ళోకి తీసుకున్నాను. అతను జారిపోయేటట్టు వేసిన ముడులు విప్పి, పోగు జారకుండా వేసే ముడి వేశాను. అతను చూస్తూ ఉన్నాడు. "ఏది, మల్ల ఒకసారి వెయ్యి" అన్నాడు. వేసి చూపించాను. చీకటి పడేదాకా ఇద్దరం వల అల్లాం. ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు.

పొద్దున హోటల్‌కు పోతూ నూనె డబ్బా తీసుకుపోదామా అనుకున్నాను. అందులో మిగిలిన మట్టి గూళ్ళతో పురుగు ఎట్లా మారిందో చూపించొచ్చు. తీసుకుపోలేదు. అది తీసుకుపోతే నా తెలివి చూపించినట్టవుతుంది. చెప్పాల్సింది పురుగు గురించి కాదు. పెద్దమనిషి బల్ల మీదే ఉన్నాడు. ఇంకా అయిదారుగురు ఉన్నారు. నిలబడే చెప్పాను. చేను ఎందుకు ఎండిందో, గొర్ల బావ ముందే ఏం చెప్పాడో, నేను ఎందుకు వినలేదో, తెలిశాక ఎన్నాళ్ళు నోరు మూసుకున్నానో. పోయేవాళ్ళు నవ్వుతారని చెట్టు దులపలేదన్న మాట చివరికి దాచుకున్నాను. అదీ చెప్పాను.

పెద్దమనిషి మీసం సవరించుకున్నాడు.

"అంటే అల్లుడా, మా నవ్వుకు భయపడి వాని కాళ్ళు ఇరగ్గొట్టినవన్నట్టు."

"అవును మామా."

"మేము రోజూ నవ్వుతుంటిమి. నువ్వు పురుగు పట్టుకొచ్చిన్నాడే నవ్వితే అయిపోతుండె. ఆ దినం నమ్మినం సూడు, మాది కూడ తప్పే." చాయ్ పోసే అతని దిక్కు తిరిగాడు. "మన అల్లునికి చాయ్ పొయ్యి. చక్కెర ఎక్కువెయ్యి, మొహం తెల్లవడ్డది."

ఈసారి అందరూ నవ్వారు. అందులో ఒక రైతు, నవ్వు ఆగాక, వచ్చే ఎండాకాలం మందను ముందుగా తన చేన్లో ఆపమని అడగాలి, ఎవరైనా పోయి చెబుతారా అన్నాడు. నేనే పోయి చెప్పాను.

అతను సంతోషించినట్టు కనిపించలేదు. మంచం మీదినుంచి ఒక కర్ర అందుకున్నాడు, రెండోదాని కోసం చూశాడు. నేను అందించాను.

"తండల మూడిండ్లున్నయి బావా. మంచి బోర్లున్నోళ్ళు. నీ మాట వాళ్ళదాంక పోయింది. ఆళ్ళు మీ హోటల్‌కు రారు."

"పోయి చెప్త."

"నువ్వొక్కనివి పోతే, నేనే పంపిన్నంటరు. ఇద్దరం పోదాం."

బండి తెస్తానన్నాను. మోకాలు మడవలేను, బండి మీద కూర్చోలేనన్నాడు. ఆ గట్టు బాటకు ఆటోలు రావు. నడిచే పోయాం. తండా దగ్గరే, నా కాళ్ళకైతే ఒక చుట్ట కాల్చినంత సేపు. అతనితో సగం పూట పట్టింది. రెండడుగులు వేసి ఆగేవాడు. నేను ముందుకు పోయి, గుర్తొచ్చి, వెనక్కి వచ్చేవాణ్ణి. కొంతసేపటికి అతని అడుగు నా కాళ్ళకు తెలిసింది. దారిలో రేగు చెట్టు ఆకులకు బొక్కలు చూపించి, "ఇది కూడ తింటది" అన్నాడు. "జామ కూడ తింటది. మునగ కూడ. నువ్వు వేపొక్కటే దులుపుతున్నవు."

మొదటి ఇంట్లో చెప్పడం సులువైంది. ఆ రైతు విని, తల ఊపి, మంచినీళ్ళు ఇచ్చాడు. రెండో ఇంట్లో ఆయన నన్ను లోపలికి రమ్మనలేదు. గేటు దగ్గరే విన్నాడు. "ఇప్పుడు చెప్తున్నవా?" అని మాత్రం అన్నాడు. అక్కడినుంచి నేను గబగబా నడిచాను. గొర్ల బావ గట్టు మీద కాళ్ళు చాపి కూర్చుని, "జర ఆగు, ఊపిరి తీస్కో" అన్నాడు. అతనికి విశ్రాంతి కావాలని ఆగాడో, నాకు కావాలని ఆగాడో తెలియలేదు. లేచేటప్పుడు చెయ్యి ఇచ్చాను. ఈసారి కర్ర వదిలి నా చెయ్యే పట్టుకున్నాడు.

మూడో ఇంటి వాకిట్లో ఒక ముసలామె కందులు చెరుగుతోంది. చాట ఆపి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఏం గిట్ల ఒచ్చిండ్రు?"

అతను నా దిక్కు చూసి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను చెప్పులు విడిచి వాకిట్లోకి పోయి, ఆమె ఎదురుగా కింద కూర్చుని, మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాను.